రాళ్ళత్త కుట్టిన తెల్ల గౌన్లు

బాప్తిస్మం గౌను అంచులో రాళ్ళు కుట్టాలని చాలామందికి తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు. తెల్లటి పొడుగు గౌను వేసుకుని ఏట్లో నడుము లోతుకి దిగితే ఎవరికైనా తెలిసొస్తుంది. లోపల గాలి నిండి గౌను గొడుగులా పైకి లేస్తుంది. రాళ్ళత్త వాళ్ళమ్మ చిన్నప్పుడు మా సంఘంలో ఒక లావుపాటి పెద్దావిడ అలాగే దిగితే, గౌను చుట్టూ ఉబ్బిపోయి, ఆవిడ మునగనంటే మునగనని తేలుతూ ఉండిపోయిందట. ఒకవైపు పాస్టరు గారు, ఇంకోవైపు ఆవిడ మొగుడు పట్టుకుని అదిమినా లాభం లేకపోయిందట. గట్టుమీద పాడుతున్నవాళ్ళు నవ్వాపుకోలేక పాట మధ్యలోనే వదిలేశారట. గౌన్లకి రాళ్ళు ఆ తర్వాతే వచ్చాయి.

రాళ్ళత్త అసలు పేరు సంఘం రిజిస్టరులో ఎక్కడో ఉండే ఉంటుంది. చూసినవాళ్ళు లేరు. వాళ్ళమ్మ వెనకాల తిరిగే రోజుల్లో రాళ్ళేరుకునే పిల్ల, పెళ్ళయ్యాక రాళ్ళక్క, జుట్టు నెరిసేసరికి ఊరందరికీ రాళ్ళత్త. ఆ పిలుపుకి ఆమె ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. "నా పేరు మీ నోటికి కష్టం. రాయంటే అందరికీ అర్థమవుతుంది" అనేది.

గౌనుకి నాలుగు రాళ్ళు. ముందొకటి, వెనకొకటి, పక్కలకి చెరొకటి. పావురం గుడ్డు కంటే పెద్దవైతే కాళ్ళకి కొట్టుకుంటాయి. గరుకువైతే గుడ్డని కొరికేస్తాయి. ఏటి అడుగున ఏళ్ళ తరబడి దొర్లి నున్నబడ్డవే కావాలి. ఆమె బట్టలు మోకాళ్ళదాకా ఎగదోపుకుని నీళ్ళలో నిలబడి, కాలివేళ్ళతో తడిమి తడిమి ఏరేది. అందులో మళ్ళీ మనిషిని బట్టి రాయి. ఒకచోట కుదురుగా నిలబడని కుర్రాడికి కాస్త బరువైనవి, సిగ్గుతో ముడుచుకుపోయే పిల్లకి తేలికైనవి. ఎవరైనా మరీ గొప్పలు పోతుంటే మాత్రం చేతిలో రాయిని ఎగరేసి పట్టుకుంటూ, "వీడు తేలతాడు, ఇంకోటి వేద్దాం" అనేది.

బాప్తిస్మం అయ్యాక గౌను విప్పి ఇచ్చేస్తే, అంచు కొంచెం విప్పదీసి ఒక రాయి బయటికి తీసి ఆ మనిషి చేతిలో పెట్టేది. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. "నిన్ను నేలమీద నిలబెట్టిన రాయి. పారేసుకోకు" అని రెండే మాటలు. ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా కిటికీ గట్టు మీదో, అలమరలోనో అలాంటి రాయి ఒకటి ఉండేది. ఇల్లు మారేటప్పుడు గిన్నెలు మర్చిపోయినవాళ్ళున్నారు గాని రాయిని మర్చిపోయినవాళ్ళు లేరు.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొస్తుంది. పొద్దున్నే చర్చి వెనక గేటు తీసుకుని, పాడుకుంటూ, పది అడుగులు వేస్తే ఏరు. గట్టు మీద పెద్దవాళ్ళకి బెంచీలు వేసేవారు. ఆ బెంచీలు చేసింది రాళ్ళత్త మొగుడే. మంచి వడ్రంగి, మాట తక్కువ మనిషి, కొడుకు నడక నేర్చేలోపే జ్వరం వచ్చి పోయాడు. బెంచీలు మాత్రం ఇంకా కిర్రుమనకుండా ఉన్నాయి. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే దిగినవాళ్ళకి తమ పాదాలు కనిపించేవి. చిట్టి చేపలు వచ్చి కాలివేళ్ళు కొరికేవి. ఒకసారి ఒకాయన, సరిగ్గా పాస్టరు గారు ఆయన తలమీద చెయ్యి వేసిన క్షణంలో, "అమ్మో!" అని ఎగిరి గంతేశాడు. పరిశుద్ధాత్మ దిగిందని వాళ్ళావిడ ఏడ్చింది. చేప కొరికిందని ఆయన ఇంటికెళ్ళాక గాని చెప్పలేదు.

రాళ్ళత్త మొగుడు పోయాక కుట్టు మిషన్ మీద బతికింది. పగలు ఊరివాళ్ళ బట్టలు, సందు దొరికితే చర్చి గౌన్లు. చర్చి పనికి చేయి చాపింది లేదు. కొడుకుని చదివించింది, పెళ్ళి చేసింది. మనవరాలు పుట్టిన రోజే ఏట్లోకి వెళ్ళి నాలుగు రాళ్ళు ఏరి చిన్న సంచిలో కట్టి పెట్టెలో దాచింది. "ఇంకా కళ్ళు తెరవలేదు, అప్పుడే బాప్తిస్మం రాళ్ళా?" అని కోడలు నవ్వింది. రాళ్ళత్త నవ్వలేదు. తన చేత్తో కుట్టిన గౌనులో ఆ పిల్ల ఆ ఏట్లోంచి లేచి రావడం తన కళ్ళతో చూడాలి. జీవితంలో ఆమె గట్టిగా కోరుకున్నది ఇదొక్కటే.

ఈలోగా ఊరికి ఎగువన రంగుల మిల్లు వచ్చింది.

మిల్లుని ఊరికే తిట్టిపోస్తే పాపం వస్తుంది. అది వచ్చాకే చాలా ఇళ్ళకి గోడలు లేచాయి, పిల్లల ఫీజులు కట్టడం తేలికయింది. రాళ్ళత్త కొడుకు అందులోనే రంగుల తొట్ల దగ్గర మేస్త్రి అయ్యాడు. మిల్లాయన మా సంఘం మనిషే. మా కళ్ళముందు నిక్కర్లు వేసుకు తిరిగినవాడే. అదే ఏట్లో, రాళ్ళత్త వాళ్ళమ్మ కుట్టిన గౌనులోనే బాప్తిస్మం తీసుకున్నాడు. ఎవరింట్లో జబ్బు చేసినా ముందు పరిగెత్తుకొచ్చే మనిషి. అందుకే చెప్పడం కష్టం. మిల్లులో గుడ్డలు రంగులో ముంచి తీసిన నీళ్ళన్నీ తిన్నగా ఏట్లోకే వచ్చేవి. ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఆకుపచ్చ. ఆ గుడ్డలన్నీ ఓడలెక్కి వెళ్ళేవి. రాబోయే సంవత్సరం దూరదేశాల్లో ఏ రంగు చొక్కాలు వేసుకుంటారో మా ఏరు ముందే చెప్పేసేది. మేమూ సరదాగానే చూశాం మొదట్లో. తర్వాత చేపలు పోయాయి. ఏటి నీళ్ళతో కూరగాయలు పండించేవాళ్ళ చేతులు పగిలి పొలుసులు లేచాయి. రాళ్ళకి జిగురు పట్టింది.

సంఘం ఏం చేసిందంటే, పొలుసులు లేచిన చేతుల కోసం ప్రార్థన చేసింది. ప్రపంచ సంఘాల సమాఖ్య నుంచి ఏటా ఒక విజ్ఞప్తి వచ్చేది. ఒక నెలంతా భూమి కోసం, నీళ్ళ కోసం, వాటివల్ల నష్టపోతున్న పేదల కోసం ప్రార్థించండి, మీ చుట్టుపక్కల ఏం జరుగుతోందో చూడండి అని. పాస్టరు గారు దాన్ని గబగబా చదివేసేవారు. తర్వాత ధ్రువాల దగ్గర కరిగిపోతున్న మంచు కోసం కన్నీళ్ళతో ప్రార్థించేవారు. సముద్రాల అవతల తగలబడుతున్న అడవుల కోసం ప్రార్థించేవారు. కిటికీలోంచి ఏటి కంపు లోపలికొస్తుంటే ఎవరో లేచి తలుపు మూసేవారు. ఆయన్ని అని ఏం లాభం? సగం బెంచీలు మిల్లు జీతం మీద బతుకుతున్నాయి, ముందు బెంచీలో మిల్లాయనే కూర్చుంటున్నాడు. ఏరు మాట వస్తే పాస్టరు గారు నీళ్ళు నమిలేవారు. మేమూ నోరు మెదిపేవాళ్ళం కాదు.

ఏట్లో దిగినవాళ్ళకి దద్దుర్లు రావడం మొదలయ్యాక మిల్లాయనే ఒక దారి చూపించాడు. చర్చి లోపల, వేదిక పక్కన ఒక తొట్టి కట్టిద్దాం, కుళాయి నీళ్ళు నింపుదాం, ఖర్చు నాది అన్నాడు. కట్టించాడు కూడా. అడుగు నుంచి అంచు దాకా మెరిసే తెల్ల టైల్స్. పైన ట్యూబులైట్లు. అందరూ వెళ్ళి చేత్తో రాసి చూసి వచ్చారు. మనవరాలి బాప్తిస్మం ఆ తొట్టి ప్రారంభం రోజున, మరో ఆరుగురితో కలిపి పెట్టారు.

రాళ్ళత్త ఆ కబురు విని, కుడుతున్న మిషన్ ఆపేసింది. "తొట్లోనా? తొట్లో ముంచేది గుడ్డల్ని కదా" అంది. కొడుకు చెప్పులేసుకుని బయటికి పోయాడు. తొట్లలో గుడ్డలు ముంచేది అతనే మరి.

ఆమెకి ఇంకో బాధ కూడా ఉంది. అది ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళుగా చూపు తగ్గిపోతోంది. బస్సెక్కి ఒంటరిగా వెళ్ళి చూపించుకుంటే, కంటి నరం ఎండిపోతోందమ్మా, పోయిన చూపు మళ్ళీ రాదు, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేం అన్నాడు డాక్టరు. రంగులు ముందు పోయాయి. అన్నీ బూడిదలో ముంచి తీసినట్టు కనపడేవి. తెలిస్తే గౌన్ల పని ఎవరికో ఇచ్చేస్తారని గుట్టుగా ఉంది. సూదిలో దారం మాత్రం మనవరాలి చేత ఎక్కించుకునేది. ఆ పిల్ల ఏమీ అడగకుండా నాలుగైదు సూదులకి ఒకేసారి దారం ఎక్కించి బడికి వెళ్ళిపోయేది.

ప్రారంభానికి ముందు వారం గౌన్లు ఉతకాలి. "కుళాయి కింద ఉతుకు అత్తయ్యా, ఏరు బాగా లేదు" అంది కోడలు, పనికి వెళ్తూ. రాళ్ళత్త ఊ కొట్టింది. కోడలు వీధి మలుపు తిరిగిందో లేదో, ఏడు గౌన్లూ గంపలో వేసుకుని ఏటికి పోయింది. ఆమె లెక్క ఆమెది. పిల్ల ఏట్లోకి వెళ్ళకపోతే ఆ ఏరే ఈ పిల్ల దగ్గరికి రావాలి. ఆ నీళ్ళు కనీసం గౌనుకైనా తగలాలి. మిల్లు రంగునీళ్ళు రాత్రిపూటే వదులుతుందని, పొద్దున ఏరు కాస్త తేరుకుంటుందని ఊరందరికీ తెలుసు, ఆమెకీ తెలుసు. ఎప్పటి బండమీదే ఉతికింది. ఎప్పటిలాగే చిటికెడు నీలిమందు వేసిన బకెట్లో ఆఖరిసారి జాడించింది. పెరట్లో ఆరేసి, సాయంత్రం మడతపెట్టి, ఎవరూ రాకముందే చర్చి పెట్టెలో పెట్టేసి వచ్చింది. పని బాగా కుదిరిందని ఆ పూట హాయిగా నిద్రపోయింది కూడా.

గౌన్లు తొడిగే సామాన్ల గదికి ఒక్కటే చిన్న కిటికీ. ఏడుగురూ ఆ మసక చీకట్లోనే తయారై, వరసగా బయటికి వచ్చి, ట్యూబులైట్ల కింద తెల్ల టైల్స్ పక్కన నిలబడ్డారు. గౌన్లు నీలం. ముదురు కాదు గాని నీలమే. ఒకదాని మీద చారలు, ఒకదాని మీద మచ్చలు. పాస్టరు గారికి ఏం చేయాలో తోచలేదు. పాట మొదలైపోయింది కాబట్టి మొదటి కుర్రాడి చెయ్యి పట్టుకుని దింపారు. ముంచి లేపారు. గౌను చుట్టూ నీలం జారి, తెల్ల టైల్స్ మీదుగా, మెల్లగా తొట్టంతా పాకింది. మిల్లాయన ముందు బెంచీలో కూర్చుని ఆ నీళ్ళనే చూస్తున్నాడు. పాట ఆగిపోయింది.

వరసలో ఆఖరుది మనవరాలు. పదిహేనేళ్ళ పిల్ల. తన గౌను అంచు పైకెత్తి చూసుకుంది. "నేను దీంట్లో దిగను" అంది. పాస్టరు గారు దగ్గరికెళ్ళి, "అమ్మా, ఏట్లోకి వెళ్ళలేం కదా" అని గొంతు తగ్గించి చెప్పారు. "తెలుసండీ. అది బాగయ్యేదాకా ఆగుతాను" అంది ఆ పిల్ల, గొంతు తగ్గించకుండా.

వెనక బెంచీలో రాళ్ళత్త పక్కావిడని మోచేత్తో పొడిచింది. "ఏమైంది? పాటెందుకు ఆపారు?" పక్కావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎంత ధైర్యం రాళ్ళత్తా నీకు! మేమెవరం చెయ్యలేనిది చేశావు" అంది. ఏం చేసిందో రాళ్ళత్తకి ఇంకా తెలియదు.

ఆ వారమంతా ఊరు రెండుగా చీలింది. ముసలావిడ మిల్లు మొహాన కొట్టినట్టు చూపించిందని కొందరు చంకలు గుద్దుకున్నారు. పరిశుద్ధమైన పనిని పాడుచేసిందని కొందరు మొహం తిప్పుకున్నారు. రాళ్ళత్తకి మాత్రం తలకొట్టేసినట్టయింది. తెల్లగా ఉతుకుతానని పేరు మోసిన మనిషి. చర్చిలో ఏడు గౌన్లు మచ్చలతో నిలబెట్టింది. దానికి తిట్టినా సిగ్గే, పొగిడినా సిగ్గే.

కొడుకు పక్కన చేరి నసిగాడు. "అమ్మా, నువ్వెందుకు చేశావో నేనడగను. మిల్లులో అందరూ నన్నే చూస్తున్నారు. నీలిమందు ఎక్కువైందని ఒక్కమాట చెప్పెయ్యి. నా పని నిలబడుతుంది."

మర్నాడు మిల్లాయన కబురు పెట్టాడు. ఆఫీసు గదిలో కుర్చీ ఆయనే లాగి కూర్చోబెట్టాడు.

"టీ తాగుతావా అత్తా?"

"తాగి వచ్చాను బాబూ."

"జరిగిందేదో జరిగింది. నువ్వు కావాలని చేసుండవు. నీలిమందు కాస్త ఎక్కువ పడుంటుంది, వయసైపోయింది, పొరపాటు. ఆదివారం సంఘ సమావేశంలో ఆ ఒక్కమాట అను. అందరం నవ్వుకుని మర్చిపోదాం. నీ కొడుకు గురించి బెంగ పెట్టుకోకు, వాడు నా తమ్ముడి లాంటివాడు."

మాట మెత్తగానే ఉంది. అందులో ఏముందో ఆమెకి అర్థమయింది. లేవబోతూ చేతులు బల్లమీద పెట్టింది. కాగితాల మీద చల్లగా, నున్నగా ఏదో తగిలింది. కళ్ళతో చూడక్కర్లేకపోయింది.

"ఇది ఇంకా ఉంచుకున్నావా?"

"బాప్తిస్మం రాయి అత్తా. ఎలా పారేస్తాను? కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్నాను."

"నీకు ఆరు రాళ్ళు కుట్టింది మా అమ్మ. బక్కపిల్లాడు, ఏరు తోసుకుపోతుందని. నేనే ఏరుకొచ్చాను. అప్పుడు చన్నీళ్ళలో నీ పళ్ళు టకటకమంటుంటే గట్టుమీదికి వినపడేది."

మిల్లాయన నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. ఆమె లేచి, గుమ్మం ఎక్కడుందో తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇంటికి పోలేదు. రాళ్ళత్త ముందుకొచ్చి బెంచీ అంచు పట్టుకుని నిలబడింది. ఆ బెంచీ మొగుడు చేసిందే. కొడుకు పక్క గోడకి ఆనుకుని తల దించుకున్నాడు. నీలిమందు అంటే కొడుకు పని ఉంటుంది, ఏరు సంగతి అక్కడితో సరి. కాదంటే తన గుట్టు బయటపడాలి.

"కొందరు నన్ను ధైర్యవంతురాలంటున్నారు" అంది. "నాకంత ధైర్యం ఎక్కడిది? కొందరు నీలిమందంటున్నారు. మీ అందరి గౌన్లూ ఉతికినదాన్ని. చిటికెడు దాటి ఏనాడైనా వేశానా? అసలు సంగతి చెబుతాను. నాకు కనపడలేదు. కళ్ళు పోతున్నాయి. చెబితే గౌన్ల పని తీసేస్తారని దాచిపెట్టాను. ఆరోజు ఆ నీళ్ళు నాకు నీళ్ళలాగే ఉన్నాయి. ఆరేసిన గౌన్లు తెల్లగానే ఉన్నాయనుకున్నాను. చూపుంటే ఆ నీళ్ళలో నా పిల్ల గౌను ముంచేదాన్నే కాదు."

బెంచీ అంచు వదిలేసి గొంతు పెంచింది.

"నాకంటే లేదు. మీ అందరికీ చూపుంది కదా. రోజూ ఆ ఏటి పక్కనే నడుస్తారు కదా. ఒక్కరైనా నోరు విప్పారా?"

గోడ దగ్గర్నుంచి కొడుకు ముందుకొచ్చాడు. "ఆ పొద్దున నీలం తొట్టి తూము తీసింది నేనే. ఎవరో పెద్దవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు, తొట్లు ఖాళీ చెయ్యమన్నారు. కింద మా అమ్మ ఉతుకుతోందని నాకు తెలియదు. రోజూ రాత్రి తీసేదీ నేనే." అని, వాళ్ళమ్మ పక్కన నిలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. కళ్ళు పోతున్నాయన్న సంగతి అతను అప్పుడే విన్నాడు. అతనికి ఏడుపు ఆగలేదు.

నీళ్ళు నమలడంలో మా పాస్టరు గారిని మించినవాళ్ళు లేరు. ఆరోజు మాత్రం ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని లేచారు. "ఆ పిల్ల చెప్పిందే సరైన మాట. ఏరు బాగయ్యేదాకా ఈ చర్చిలో ఇక బాప్తిస్మాలు ఉండవు. అందరం ఆగుదాం. ఆగుతూ ఊరికే కూర్చోం" అన్నారు. మిల్లాయన లేచి వెళ్ళిపోయాడు.

చెప్పినంత తేలిక కాలేదు. బాప్తిస్మం లేకపోతే పెళ్ళెలాగని అడిగినవాళ్ళున్నారు. పక్క ఊరి సంఘానికి చల్లగా జారుకున్నవాళ్ళున్నారు. కొడుకు పని పోయింది. "తల్లే కడుపు కొట్టింది" అని మిల్లు కార్మికులు వినపడేట్టే అన్నారు. అతను కూలికి వెళ్ళాడు, కోడలు రెండు షిఫ్టులు చేసింది, రాళ్ళత్త ఆ మాటలన్నీ వింటూ గుమ్మంలో కూర్చుంది. నా కళ్ళతోపాటు నోరూ పోతే బాగుండేదని ఆ రోజుల్లో ఒకసారి అంది. తొట్టిలో నీళ్ళు తీసేశారు. వానాకాలం చర్చి కప్పుమీది నీళ్ళు పట్టడానికి మాత్రం అది భేషుగ్గా పనికొచ్చింది.

పాస్టరు గారు చేసిన మంచి పని ఇంకొకటుంది. ఆ ఏడు గౌన్లనీ ఉతకనివ్వలేదు. చర్చి గోడకి వేలాడదీసి ఫోటో తీయించి, ఉన్నది ఉన్నట్టు రాసి, సమాఖ్యకి పంపించారు. మంచు గురించీ అడవుల గురించీ కాదు, కిటికీ అవతలి ఏరు గురించి. అది తిరిగి తిరిగి, ఆ గుడ్డలు వెళ్ళే దేశంలో ఒక సంఘం ఆడవాళ్ళ కంటపడింది. వాళ్ళు తమ ఇళ్ళలో చొక్కాలు తిరగేసి చూసుకున్నారట, ఎక్కడ తయారైందోనని. నీలం చొక్కాలన్నీ మూటకట్టుకుని దుకాణానికి వెళ్ళి, ఈ రంగు కడిగిన నీళ్ళు ఏమయ్యాయో చెప్పేదాకా కదలం అని గుమ్మంలో కూర్చున్నారట. వాళ్ళని చూసి ఇంకో సంఘం, ఇంకో ఊరు. చివరికి దుకాణాలవాళ్ళే మిల్లాయన్ని అడిగారు. మా కోసం ఎవరో ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు వీధిలో కూర్చున్నారంటే రాళ్ళత్త నమ్మలేదు. తర్వాత రోజూ ప్రార్థనలో వాళ్ళని "ఆ చొక్కాల అమ్మలు" అని తలుచుకునేది.

మిల్లాయన మొదట కోప్పడ్డాడు, తర్వాత బేరమాడాడు, తర్వాత నీళ్ళు వడకట్టే చెరువులు తవ్వించాడు. ఆ చెరువులు చూసుకోవడానికి రాళ్ళత్త కొడుకునే పిలిచాడు. ఎందుకు పిలిచాడో చెప్పలేదు. ఆ బల్లమీది రాయే పిలిపించిందని రాళ్ళత్త నమ్మకం. అయినా ఏరు మనుషుల్లా కాదు, తేరుకోవడానికి దాని టైము దానిది. ఐదేళ్ళో ఆరేళ్ళో పట్టింది. ఈలోగా రాళ్ళత్తకి చూపు పూర్తిగా పోయింది. మనవరాలు మిషన్ నేర్చుకుంది. అంచు ఎలా మడవాలో, రాయి చుట్టూ కుట్టు ఎలా బిగించాలో నానమ్మ వేళ్ళు ఆ పిల్ల వేళ్ళమీద పెట్టి చెప్పేది. తను చూడాలనుకున్నది ఇక చూడలేనని తెలిసిన రోజు మాత్రం, పెట్టెలోని చిన్న సంచి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

ఆ రోజు రానే వచ్చింది. ఆగినవాళ్ళు ఎంతమందో! మీసాలు రానప్పుడు పేరిచ్చినవాడు గుబురు మీసాలతో వచ్చాడు. బెంచీలు మళ్ళీ గట్టెక్కాయి. మిల్లాయన ప్యాంటు మడుచుకుని ఒక పక్కన నిలబడ్డాడు. కొడుకు రాళ్ళత్తని చెయ్యి పట్టి మోకాలి లోతుదాకా దింపాడు. ఆమె కాలివేళ్ళతో అడుగు తడిమింది. జిగురు లేదు. రాయి రాయిలాగే ఉంది. అలా నిలబడి ఉండగానే ఉలిక్కిపడి కొడుకు భుజం పట్టుకుంది. "కొరికింది రా! చేప!" అంది. చిన్నపిల్లలా నవ్వింది. కొడుకు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

మనవరాలు దిగింది. ఆమె పుట్టిన రోజున ఏరిన నాలుగు రాళ్ళు అంచులో ఉన్నాయి. గౌను తేలలేదు. పాస్టరు గారి గొంతు, నీళ్ళ చప్పుడు, గట్టుమీద పాట, అన్నీ రాళ్ళత్త చెవులతో చూసింది. పిల్ల తడిసి ముద్దై వచ్చి నానమ్మని వాటేసుకుంది. రాళ్ళత్త వంగి గౌను అంచు దొరకబుచ్చుకుని వేళ్ళతో నలిపింది.

"ఏ రంగు?"

"తెల్లగా ఉందమ్మా. పాలల్లే ఉంది" అన్నాడు కొడుకు గబుక్కున.

పిల్ల అంచు ఎత్తి ఎండకి పట్టి చూసింది.

"లేదు నానమ్మా. కింద కుట్టు దగ్గర కాస్త నీలం పట్టింది. కొంచెమే. కానీ ఉంది."

గట్టుమీద పాట సన్నబడింది. మిల్లాయన తల దించుకున్నాడు. అందరూ రాళ్ళత్త మొహమే చూస్తున్నారు. ఇంతకాలం ఎదురుచూసిన మనిషి, ఆ మాట ఎలా తట్టుకుంటుందోనని. ఆమె మనవరాలి చెంపలు రెండు చేతులతో పట్టుకుని ముద్దుపెట్టుకుంది.

"నాకింక బెంగ లేదు. చూసేవాళ్ళున్నారు" అంది. తర్వాత అంచు విప్పదీసి ఒక రాయి పిల్ల చేతిలో పెట్టి, గుప్పిట మూసింది.

"గౌను ఎక్కడ ఆరెయ్యను నానమ్మా? పెరట్లోనా?"

"పెరట్లో వద్దు. చర్చి గేటు మీద ఆరెయ్యి. పొద్దున మిల్లుకి వెళ్ళేవాళ్ళందరికీ ఆ నీలం కనపడాలి." రెండడుగులు వేసి మళ్ళీ ఆగింది. "ఎవరైనా అడిగితే, ఈసారి రాళ్ళత్త కావాలనే చేసిందని చెప్పు."